ఎవరూ ఒప్పుకోని ధర

ఈ ఫోను మోగకుండా ఉంటే చాలు. మూడింటిదాకా అది నోరు మూసుకుని బల్ల మీద పడి ఉంటే చాలు, ఇక దాన్ని జన్మలో ఏమీ కోరనని మేనేజరు అనుకున్నాడు, అనుకుని, ఫోనుకు మొక్కుకునేదాకా వచ్చిందా మన బతుకు అని నవ్వుకోబోయాడు, నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. మూడింటికి గడువు. ఆటగాళ్ళను ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు బదిలీ చేసుకోవడానికి ఈ ఏడాదికి అదే ఆఖరు, ఆ తర్వాత ఎక్కడివాళ్ళు అక్కడే. కాగితాలు రెండు జట్ల నుంచీ ఆట నడిపే సంఘం ఆఫీసుకు పోయాయి, అక్కడెవరో కూర్చుని కూడికలూ తీసివేతలూ చూస్తుంటారు, లెక్క సరిపోతే ఫోను వస్తుంది, సరిపోకపోతే రాదు, అంతే సంగతి. అతని గదికి ఉన్న ఒక్క కిటికీ భవనం లోపలికే ఉంటుంది, కింద మంచు మైదానం మీదికి. అద్దానికి నుదురు ఆనిస్తే చల్లగా తగులుతుంది. కింద కుర్రాళ్ళు హాకీ కర్రలతో నల్ల బిళ్ళను అటూ ఇటూ కొడుతున్నారు, బిళ్ళ చెక్క గోడకు తగిలినప్పుడల్లా ఎవరో తలుపు తట్టినట్టు చప్పుడు. వాళ్ళ మధ్య, అందరికంటే నెమ్మదిగా కదులుతూ, ఎవరు ఎటు పోయినా ముందే అక్కడ ఉండే పొడుగాటి మనిషి కెప్టెన్. గోల్ ముందు నిలబడితే దాటడం ఎవరి తరమూ కాదని అభిమానులు అతనికి గోడ అని పేరు పెట్టారు. గోడ మేనేజరుకు స్వయానా బామ్మర్ది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. సంఘం ఆఫీసుకు పోయిన కాగితాల మీద ఉన్న పేరు అతనిదే.

అతనికి తెలియదు. పైకి చూసి చెయ్యి ఊపాడు ఇందాక. మేనేజరు కూడా ఊపాడు, ఊపిన చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. జీతాల సీలింగు అనే ముక్క ఎవడు కనిపెట్టాడో గానీ వాడి ఇల్లు బంగారం గానూ. యజమాని ఎంత ధనవంతుడైనా సరే, జట్టు మొత్తం జీతాలు కలిపి సంఘం గీసిన గీత దాటకూడదు. ఇంటిల్లిపాదికీ ఒకటే దుప్పటి ఇచ్చినట్టు, ఒకడు మీదికి లాక్కుంటే ఇంకొకడి కాళ్ళు చలికి బయటపడతాయి. ఆ దుప్పట్లో ముప్పాతిక భాగం గోల్ కాపలా కాసే గోలీ కప్పుకుని పడుకున్నాడు, పాపం గోలీ తప్పేముంది, ఒక్క ఏడాది దేవుడు పూనినట్టు ఆడాడు, ఆ ఏడాది చివర ఊరు ఊరంతా ఊగిపోతుంటే మేనేజరు కూడా ఊగిపోయి ఎనిమిదేళ్ళ ఒప్పందం రాసిచ్చాడు, సంతకం తడి ఆరిందో లేదో గోలీ మోకాలు పోయింది. ఇప్పుడా మోకాలినీ ఆ జీతాన్నీ కలిపి తీసుకునే జట్టు భూమ్మీద లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. వరసగా ఓడిపోతుంటే జట్టు యజమానురాలు, అందరూ పెద్దావిడ అంటారు, గొంతు పెంచడం ఎరగని మనిషి, ఒకనాడు పిలిచి, "వెల్ల వేస్తే నిలిచే ఇల్లు కాదు బాబూ ఇది, పడగొట్టి కట్టండి" అంది. అలాగేనమ్మా అన్నాడు. పడగొట్టడం ఎంత తేలికో ఈ ఏడాది తెలిసింది. ఒకణ్ణి పంపితే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, ఇంకొకణ్ణి పంపితే వచ్చే ఏడాది కొత్తవాళ్ళను ముందుగా ఎంచుకునే వంతు వచ్చింది, పంపుతూ పోయాడు, పెట్టెలు సర్దుకుంటూ వాళ్ళు పోయారు, ఒకడి భార్య మెట్ల మీద ఎదురై ఏమీ అనకుండా చూసి వెళ్ళింది, తిట్టినా బాగుండేది. అయినా అప్పుడు రాత్రి నిద్ర పట్టేది. ఇంటికి వెళ్ళేసరికి భార్య అన్నం పెట్టి, ఏమైందని అడిగి, అతను చెప్పింది విని, "నీ పని అలాంటిది, నువ్వేం చేస్తావు" అనేది. ఇవాళ ఆ మాట ఎవరంటారు?

పెళ్ళి మాటలు అనుకునే రోజున ఆమె అడిగింది ఒక్కటే, నా తమ్ముడు నాతోనే ఉంటాడు అని. తల్లి పోయి అప్పటికి ఏడాది, తండ్రి అంతకుముందే. వాడు తలుపు పక్కన నిలబడి, తన గురించే మాట్లాడుతున్నారని తెలిసి, చొక్కా గుండీ తిప్పుతూ, అదేదో గుండీ సమస్య అన్నట్టు దానివంకే చూస్తూ ఉన్నాడు, తొమ్మిదేళ్ళవాడు, చెవులు మాత్రం పెద్దవి. అప్పుడు తను ఇంకా ఆడుతున్నాడు, పెద్ద ఆటగాడేం కాదు, బెంచీ అరిగిపోయేలా కూర్చున్న ఆటగాడు. "నీకు మంచు మీద జారడం వచ్చా?" అని అడిగాడు. వాడు తల అడ్డంగా ఊపాడు. "నాకూ సరిగా రాదులే, ఇద్దరం నేర్చుకుందాం" అన్నాడు. వాడు నవ్వాడు, ఆ నవ్వు చూసి పెళ్ళికూతురు కళ్ళు తుడుచుకుంది, పెళ్ళి అక్కడే అయిపోయిందని తర్వాత ఎన్నిసార్లో అనుకున్నారు ఇద్దరూ. వాడికి తన పాత స్కేట్లు ఇచ్చాడు, రెండు అంగుళాలు పెద్దవి, ముందు గుడ్డలు కుక్కి లేసులు బిగించి కట్టేవాడు, మోకాళ్ళ మీద కూర్చుని, మంచు చల్లదనం మోకాళ్ళలోంచి ఎముకలోకి పోతుంటే, వాడు అతని తల పట్టుకుని నిలబడేవాడు. ఆ చిన్న చేతులు జుట్టులో ఉన్నట్టు ఇప్పటికీ అనిపిస్తుంది, ఇప్పుడు అక్కడ జుట్టే లేదు. వీళ్ళకు పిల్లలు కలగలేదు. ఎవరైనా అడిగితే ఆమె, ఉన్నాడుగా ఒకడు అనేది. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని లోకం అంటుంది గానీ, వీడికి గడ్డం వచ్చాక కూడా, ఇల్లు కట్టుకున్నాక కూడా, ఆ ఇల్లు అక్క ఇంటికి నాలుగు గుమ్మాల అవతలే ఉంది. వాడి కూతురు మ్యాచ్ ఉన్న రోజుల్లో అత్త పక్కలోనే పడుకుంటుంది. మొన్న ఆ పిల్ల తన పళ్ళు తోముకునే బ్రష్షు తెచ్చి, "ఇది ఇక్కడే ఉంటుంది మామయ్యా, రోజూ మొయ్యలేను" అని అద్దం ముందు గ్లాసులో పెట్టి వెళ్ళింది. బ్రష్షు ఏ రంగుదో గుర్తు రావడం లేదు. పొద్దున్నే చూశాడు, గుర్తు రావడం లేదు.

కింద కోచ్ ఈల వేశాడు. గోడ ఒక కొత్త కుర్రాడి మోచెయ్యి పట్టుకుని కర్ర ఎలా పెట్టాలో చూపిస్తున్నాడు. నిజానికి వాడు ఇప్పుడు చూపిస్తున్నది తన తర్వాత తన జాగాలో ఎలా నిలబడాలో. వాడికెప్పుడూ ఇంతే, ఇచ్చేటప్పుడు ఏమిస్తున్నాడో చూసుకోడు. పోయిన వేసవిలో భోజనాల బల్ల దగ్గర అలాగే చేశాడు. అప్పటికి గోలీ దుప్పటి లాగేసుకున్నాడు, గోడ ఒప్పందం ముగిసింది, బయట జట్లు వాడికి రెండింతలిస్తామని కబుర్లు పంపుతున్నాయి. తను రెండు రోజులు నోట్లో మాట పెట్టుకుని తిరిగాడు, మింగలేక కక్కలేక. చివరికి అన్నం కలుపుకుంటూ, పళ్ళెం లోకే చూస్తూ, "ఒరేయ్, నువ్వు సగానికి ఉంటావా?" అన్నాడు. వాడు ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, మంచినీళ్ళు తాగి, "సగానికి ఉంటే మిగిలిన సగంతో ఎంతమంది వస్తారు?" అని అడిగాడు. ఇద్దరు ముగ్గురు వస్తారు. "అయితే ఉంటా." అంతే, బేరం అయిపోయింది, అలాంటి బేరం ఈ ఆట పుట్టాక ఎవరూ చేసి ఉండరు. కెప్టెన్‌కు ప్రత్యేకంగా ఇచ్చే భత్యం ఒకటి ఉంటుంది, అదీ తీసుకోనన్నాడు, నోటిమాటగా, రాతల గొడవ ఎందుకని. మర్నాడు వాడి తరఫు లాయరు భోజనాల వేళకు ఇంటికొచ్చి ఒక్క షరతు పెట్టమని మొత్తుకున్నాడు: ఆటగాడి ఇష్టం లేకుండా బదిలీ చేయకూడదు అని. ఇంత తక్కువకు సంతకం పెట్టేవాడు ఆ షరతైనా లేకుండా పెట్టకూడదు బాబూ, చవక మనిషిని ఎవరైనా ఎత్తుకుపోతారు అన్నాడు. గోడ పగలబడి నవ్వాడు. "మా బావ నన్ను అమ్ముకుంటాడా? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అన్నాడు. అక్క కూడా నవ్వింది, నవ్వుతూ వాడి పళ్ళెంలో ఇంకొంచెం వేసింది. బావ కూడా నవ్వాడు. లాయరొక్కడే నవ్వలేదు, ఆ ఇంట్లో ఆ రోజు బుర్ర ఉన్నవాడు అతనొక్కడే.

పొద్దున బూట్లు తొడుక్కుంటుంటే భార్య కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి అడిగింది. పేపర్లు చదవడం ఎప్పుడో మానేసింది, మొగుణ్ణి తిట్టిన పేపర్లు ఇంట్లోకి రానివ్వదు, అయినా ఎవరో చెప్పి ఉంటారు. "ఏదో రాస్తున్నారట. వాణ్ణి కాదుగా?" అంది. "వాణ్ణా? వాణ్ణి పంపితే నువ్వు నన్ను ఇంట్లోకి రానిస్తావా?" అన్నాడు. "రానివ్వను" అంది. అని నవ్వి, "రాత్రికి వాళ్ళను మనింట్లోనే తినమను" అంది. అప్పటికి అది అబద్ధం కాదు. అప్పటికి ఏ జట్టూ వాణ్ణి అడగలేదు. ఆ మాట పట్టుకుని వేళ్ళాడుతున్నాడు గంట నుంచీ, అప్పటికి అబద్ధం కాదు, అప్పటికి కాదు. కోర్టులో నిలబడితే గెలుస్తాడు. గుమ్మంలో నిలబడితే?

అవతలి జట్టు మేనేజరు నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని మాట్లాడే మనిషి. పదకొండింటికి ఫోను చేశాడు. పెద్దావిడ ఆ సమయానికే గదిలో ఉంది, తన కుర్చీ తను తెచ్చుకుని కూర్చుంటుంది ఆవిడ, గడువు రోజున ఎవరేం మాట్లాడుతున్నారో వినాలని, ఫోను అందరికీ వినపడేలా పెట్టమంది. "మేం కప్పు కొట్టేలా ఉన్నాం అన్నా ఈసారి, ఒక్క గోడ లేకే ఆగుతున్నాం. మాకు సీలింగు కింద జానెడు జాగా ఉంది. ఆ జానెడులో పట్టే గోడ ఈ దేశంలో మీ దగ్గరే ఉంది" అన్నాడు. లేదు అంటే సరిపోయేది. రెండక్షరాలు. ఎదురుగా పెద్దావిడ కళ్ళజోడు మీదుగా చూస్తోంది, ఇన్ని ఇళ్ళు కూల్చినవాడు సొంత గోడ దగ్గర ఆగుతాడా అని చూస్తోందనిపించింది, ఆవిడ అలా అనుకుందో లేదో దేవుడికి తెలియాలి. మొహమాటం ఎంత చెడ్డదంటే, ప్రాణం పోయేటప్పుడు కూడా పక్కవాణ్ణి ఇబ్బంది పెట్టకుండా పోవాలనిపించేంత చెడ్డది. అమ్మడం ఇష్టం లేనివాడు చేసే పనే చేశాడు అతను కూడా. ఎవరూ ఒప్పుకోని ధర చెప్పాడు. వచ్చే రెండేళ్ళూ కొత్తవాళ్ళను ఎంచుకోవడంలో మీ మొదటి వంతులు మాకివ్వాలి, దాని మీద మీ మెరుపును ఇవ్వాలి. మెరుపంటే వాళ్ళ పందొమ్మిదేళ్ళ కుర్రాడు, కన్ను మూసి తెరిచేలోగా మైదానం ఆ చివర ఉంటాడు, వాణ్ణి ఇవ్వమనడమంటే కళ్ళు పీకి ఇవ్వమన్నట్టే. అని, కుర్చీలో వెనక్కి వాలాడు, వాడు తిట్టి ఫోను పెట్టేస్తాడని, పెద్దావిడ అయ్యో అంటుందని, తను భుజాలు ఎగరేసి ఏం చేస్తామమ్మా కుదరలేదు అంటాడని. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత, బెల్లం లేని గొంతుతో, "సరే" అన్నాడు వాడు.

ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు చేయాల్సిన తప్పేనా? కొరివితో తల గోక్కోవడం కాదూ? గోడ విలువ తనకు తెలుసుననుకున్నాడు, లోకానికి తెలియదనుకున్నాడు, సగం జీతానికి ఆడుతుంటే చూసి చూసి తన కంటికే వాడు సగంగా కనపడ్డాడేమో. పెద్దావిడ లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "సొంత బామ్మర్దని కూడా చూడలేదు బాబూ నువ్వు. నీలాంటివాడు నాకు దొరకడం నా అదృష్టం" అంది, నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆవిడకు. ఆ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉన్నట్టుంది. ఆవిడ వెళ్ళాక కడుక్కుని వచ్చాడు రెండుసార్లు.

రెండున్నర దాటాక లెక్కలు చూసే అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది, సీలింగు లెక్కలన్నీ ఆమే చూస్తుంది, పరీక్షకు పోయేదానిలా ఎప్పుడూ కంగారు. "సార్, సంఘం వాళ్ళు అడుగుతున్నారు. కెప్టెన్ గారి జీతం వాళ్ళ సీలింగు కింద ఇమడట్లేదట. కొంచెమే. వెంట్రుకవాసి" అంది. మేనేజరు అలాగే నిలబడిపోయాడు. వెంట్రుకవాసి. ఎన్నేళ్ళుగానో తనను ఉరి తీస్తున్న సీలింగు ఇవాళ తన తల మీద గొడుగులా నిలబడింది, దాన్ని ఎన్ని తిట్లు తిట్టాడో అన్నీ వెనక్కి తీసుకుంటాడు, దానికి దండ వేస్తాడు. రాత్రి అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు, గోడ కూతురు కుర్చీ మీద కుర్చీ వేసుకుని ఎక్కుతుంది, ఇవాళ ఏం జరిగిందో తెలుసా అని తనే చెప్తాడు, కథలా చెప్తాడు, నిన్ను అమ్మబోయి ఎలా తప్పించుకున్నానో వినరా అని, వాడు పొలమారేలా నవ్వుతాడు, ఆమె గరిటె ఎత్తి కొట్టబోతుంది. "అయితే కుదరనట్టేగా?" అన్నాడు, గొంతు తనకే కొత్తగా వినపడింది. "అదే సార్, ఒకటి అడగమన్నారు. ఒప్పందంలో కెప్టెన్ భత్యం అని ఉంది. ఆయన తీసుకోవట్లేదని నేను విన్నాను. తీసుకుంటున్నట్టయితే లెక్క మించుతుంది, ఇది రద్దైపోతుంది. తీసుకోనట్టయితే సరిగ్గా ఇముడుతుంది. కాగితం ఏమీ లేదు కాబట్టి మీరేం చెప్తే అదే రాస్తామన్నారు."

తీసుకుంటున్నాడు. ఒక్క మాట. ఎవరికి నష్టం? పెద్దావిడకు తెలిసే అవకాశమే లేదు. ఆ అమ్మాయికి కూడా తెలియదు, విన్నదే కదా, విన్నవన్నీ నిజాలా? నాలుక మీదికి వచ్చింది మాట. అప్పుడు, ఎందుకో, కిటికీ వైపు చూశాడు. మంచు మీద మెరుపు కనపడ్డాడు. లేడు, ఆ కుర్రాడు ఎన్నో ఊళ్ళ అవతల ఉన్నాడు, అయినా కనపడ్డాడు, వచ్చే ఏడాది, తమ జట్టు చొక్కాలో, కుడివైపు నుంచి దూసుకుపోతూ, వెనక ఇద్దరు కొత్త కుర్రాళ్ళు, జనం లేచి నిలబడుతూ, మళ్ళీ జట్టు, ఇన్నేళ్ళ తర్వాత జట్టులాంటి జట్టు, తను కట్టిన ఇల్లు. రెప్పపాటు. ఆ రెప్పపాటు అతను ఎవరికీ బావ కాడు, ఎవరికీ మొగుడు కాడు, మేనేజరు, అంతే. "తీసుకోవట్లేదు" అన్నాడు. అమ్మాయి "థాంక్యూ సార్" అని పరుగెత్తింది. ఆగు అందామనుకున్నాడు. అనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు, తలుపు దాకా కూడా వెళ్ళాడు. నడవలో ఎవరూ లేరు, ఎక్కడో తడి చేతి తొడుగులు ఆరబెట్టే యంత్రం గుయ్యిమంటోంది, ఆ వాసన, చెమటా తోలూ కలిసిన వాసన, వాడి చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఉన్న వాసనే. నిజం చెప్పానుగా అని తనకు తను చెప్పుకున్నాడు. వాడు వదులుకున్నది వదులుకున్నాడనే కదా చెప్పాను, అబద్ధం ఆడలేదుగా. వాడు మంచివాడు కాకపోతే ఉండిపోయేవాడు. కాస్త ఆశపోతైతే, కాస్త తగవులమారి ఐతే, ఆ భత్యం దగ్గర ఒక్క పైసా వదలనని భీష్మించుకుంటే, ఈ రాత్రి అక్క చేతి అన్నం తినేవాడు. వాడి మంచితనాన్ని వాడి మెడకే కట్టి పంపుతున్నాడు తను. తిలాపాపం తలా పిడికెడు అని పంచుకోవడానికి చూశాడు, పెద్దావిడకు కొంత, సీలింగుకు కొంత, బెల్లం మనిషికి కొంత, గోలీ మోకాలికి కొంత, ఎంత పంచినా పిడికిట్లో ఉన్నది తరగలేదు.

ఫోను మోగింది. ఒక ఆడగొంతు, చాలా మర్యాదగా, లెక్క సరిపోయింది, బదిలీ ఖాయమైంది, ఆటగాణ్ణి వెంటనే సాధన నుంచి తప్పించండి, ఈలోగా దెబ్బ తగిలితే బాధ్యత మీది అంది. అలాగేనమ్మా అన్నాడు. పెద్దవాళ్ళకైనా చిన్నవాళ్ళకైనా ఈ ఒక్క మాటే నోటికి అలవాటు.

మెట్లు దిగాడు. ఖాయమైన క్షణం నుంచీ ఆ మనిషి మంచు మీద ఉండకూడదు, ఏ జట్టులోనైనా అంతే, అందుకే గడువు రోజున సాధన చేసేవాళ్ళ కళ్ళు బిళ్ళ మీద ఉండవు, గేటు మీద ఉంటాయి. ఇదివరకు కోచ్ గేటు దగ్గర నుంచి పేరు పెట్టి కేకేసేవాడు. ఒకసారి అలా కేకేస్తే ఒకతను మైదానం నడిమధ్యలో, అందరి ముందూ, మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. ఆ రోజు గోడ పైకి వచ్చి, "ఇకమీదట ఎవరైనా సరే నాకు చెప్పు బావా. నేను తీసుకొస్తా. అరవొద్దు" అన్నాడు. అప్పటి నుంచీ అదే పద్ధతి. మేనేజరు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడితే చాలు, గోడే వస్తాడు, పేరు విని వెళ్ళి, ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో చెప్పి, వాడితో కలిసి నిదానంగా ఒక చుట్టు చుట్టి బయటికి తెస్తాడు. ఏం చెప్తాడో ఎవరికీ తెలియదు. వచ్చినవాడు మాత్రం తల ఎత్తుకునే వస్తాడు. ఈ ఏడాది ఎంతమందిని తెచ్చాడో పాపం, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

గేటు దగ్గర రబ్బరు చాప మీద నిలబడ్డాడు. మంచు మీద చప్పుడు ఒక్కసారిగా పలచబడింది, ఒకరి తర్వాత ఒకరు ఆగిపోయారు, ఎవరికి వాళ్ళు కర్ర చివర చూసుకుంటున్నారు. గోడ తన కర్రను పక్కవాడికిచ్చి వచ్చాడు. మొహంలో ఆ బరువు అప్పుడే ఎత్తుకున్నాడు, ఇంకొకరి కోసం. గేటు కర్ర మీద చేతులు ఆనించి, వెనక వాళ్ళకు వినపడకుండా వంగి, "ఎవర్ని బావా?" అన్నాడు.

మేనేజరు నోరు తెరిచాడు. చల్లగాలి లోపలికి పోయింది.

"ఎడంచేతివాణ్ణా? వాడు మొన్ననే కదా కుటుంబాన్ని తెచ్చుకున్నాడు. సామాన్లు కూడా విప్పలేదు బావా. సర్లే, చెప్తాలే, మెల్లగా చెప్తా." ఆగి, బావ మొహం చూశాడు. "వాడు కాదా? ఇందాక నేను నేర్పుతున్న కుర్రాడా? వాణ్ణి పంపకు బావా. బంగారంలాంటి పిల్లాడు, రెండేళ్ళు ఆగి చూడు, నన్ను మించిపోతాడు. సీలింగే కదా గొడవ? నా దాంట్లో ఇంకాస్త తీసెయ్. ఇంట్లో నేను చెప్పుకుంటా, మా ఆవిడ ఏమీ అనదు. ఇంకాస్త తీసేసి వాణ్ణి ఉంచు."

"ఒరేయ్" అన్నాడు మేనేజరు.

గోడ గేటు మీది చేతులు తీసుకున్నాడు. ఊపిరి పొగలా వచ్చి పోతోంది, ఒకసారి, రెండోసారి. వెనక్కి తిరిగి మంచు మీద ఉన్నవాళ్ళందర్నీ ఒక్కొక్కరినే చూశాడు, ఎవరైనా మిగిలారేమో అన్నట్టు. మళ్ళీ ఇటు తిరిగాడు. కోపం వస్తుందేమోనని మేనేజరు చూశాడు, రావాలని చూశాడు, కొట్టినా పడదామని రెండు చేతులూ వదిలేసి నిలబడ్డాడు. కోపం రాలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. గోడ చేతి తొడుగు ఒకటి తీసి, రెండోది తీసి, రెండూ గేటు మీద పక్కపక్కన పెట్టాడు.

"అక్కకి తెలుసా?"

మేనేజరు తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు చెప్పకు. నీకు చెప్పడం రాదు, ఇద్దరూ కలిసి ఏడుస్తారు. నేను చెప్తాలే బావా" అన్నాడు గోడ.

అప్పుడు వచ్చింది మేనేజరుకు ఏడుపు, పళ్ళు బిగించినా ఆగలేదు, చిన్నపిల్లాడిలా భుజాలు కదిలిపోతూ వచ్చింది. మంచు మీద అందరూ ఇటే చూస్తున్నారు. గోడ ఒకసారి వెనక్కి చూసి, రెండడుగులు పక్కకు జరిగి, బావ మొహం ఎవరికీ కనపడకుండా అడ్డంగా నిలబడ్డాడు.